కొత్త మిషనుకు బొట్టు

మా మామయ్య అప్పన్న ఉత్త మొండిమనిషి. జురాంగ్ పారిశ్రామికవాడలో ఉన్న జపాన్‌వాళ్ల ఫ్యాక్టరీలో, కార్లకు స్టార్టర్ మోటార్లు చేసే లైనుకు ఆయనే పెద్ద. ఏటా ఆయుధపూజకు మిషన్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. మేనేజరు మోరితా గారు కూడా వచ్చి చేతులు జోడించేవారు.

రెండువేల సంవత్సరంలో ఆ లైను మూసేస్తామన్నారు. ఇకమీదట బ్యాటరీతో కూడా నడిచే కార్లట, వాటికి స్టార్టరే అక్కర్లేదట. వాటిని నడిపే పెద్ద మోటారు జురాంగ్‌లో చేయాలా, థాయ్‌లాండ్‌లో చేయాలా అన్నది ఒక్క ట్రయల్‌తో తేలుతుంది. మామయ్యకు ఎలాగూ రిటైర్మెంటే. కొత్త లైనులో తీగ చుట్టే మిషను, ఆయన కిందే పనిచేస్తున్న నాకిచ్చారు. మా ఆయన ప్రేమ్ ఊరి నడుమ ఆఫీసులుండే తంజోంగ్ పగార్‌లో కంప్యూటర్ ఉద్యోగి. "ఆ ఫ్యాక్టరీ ఎందుకు లా, కంప్యూటర్ కోర్సులో చేరు" అని ఇక్కడి యాసలో రోజూ ఒకటే నస. నాకు కంప్యూటరంటే ఒళ్లుమంట. నాకు ఆ మిషనే కావాలి.

కొత్త లైను గాజుగదిలో ఉంది. నలుసంత దుమ్ము పడినా మోటారు పాడవుతుందని, తలనుంచి కాళ్లదాకా తెల్లసూటు తొడిగి పంపేవారు. ట్రయల్ నాడు నేను చుట్టిన మోటార్లు వరసగా కాలిపోయాయి. ఒకటి విప్పి చూశాను. తీగల మీద ఎర్రటి పొడి. మిషను పైన, ఎండి రాలుతున్న బొట్టు.

క్యాంటీన్‌కు వెళ్లి మామయ్యను నిలదీశాను.

"నిన్న ఆ గదిలోకి ఎందుకెళ్లారు?"

"పండగ కదమ్మా. అన్నిటికీ పెట్టీసి, నీ మిషన్ని బోసిగా వదల్డానికి మనసొప్పలేదు. సూటేసుకునే ఎల్లినాను."

"అక్కడ దుమ్ము పడకూడదని మీకు తెలీదా?"

ఆయన నావైపు అయోమయంగా చూశారు. "కుంకం దుమ్మేటమ్మా?"

అరగంటలో మోరితా గారు అందరినీ పిలిచి, ఇది ఎవరి పని అని అడిగారు. నేను నోరు విప్పేలోపే మామయ్య ముందుకెళ్లి, "నేనే సార్" అన్నారు. మోరితా గారు తిట్టలేదు. తలవంచుకుని వెళ్లిపోయారు. పని థాయ్‌లాండ్‌కు పోయింది.

నెలాఖరున ఆయన రిటైరై, నేను పని పోయి, ఇద్దరం ఒకేసారి ఫ్యాక్టరీ గేటు దాటాం. బస్సులో మామయ్య నన్ను కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డారు.

"నామీద కోపమామ్మా?"

"చాలా కోపం మామయ్యా."

ఆయన తలూపారు. రెండు స్టాపుల తర్వాత నా పక్క సీటు ఖాళీ అయింది. ఆయన కూర్చోలేదు. మేం దిగే బూన్ లే స్టాపు వచ్చేదాకా నేనూ కూర్చోమనలేదు.