మస్టర్డ్ అంటిన బంతి

చెల్లెలు వచ్చిందన్న సంతోషం మార్లిస్‌కి లేదా అంటే, ఉంది. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరేదాకా ఉంది. గుమ్మంలో వాళ్ళ నాన్న ఫ్రిట్జ్ చేతికర్ర గోడకి చేరేసి, "వచ్చింది నా కాండీ!" అంటూ చేతులు చాపి రెండడుగులు ముందుకేసేసరికి ఆ సంతోషం కాస్తా హరించుకుపోయింది. కర్ర లేకుండా ఒక్క అడుగు వెయ్యి నాన్నా అని చలికాలమంతా ఆవిడ బతిమాలింది. అప్పుడు కదలని కాలు ఇప్పుడెలా కదిలిందో దేవుడికే తెలియాలి.

అది నిన్నటి సంగతి. ఇవాళ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ షెబోయ్‌గన్ టానర్స్ బేస్‌బాల్ మైదానంలో, ఎడమ గోడ వెనకున్న మెట్ల బల్లల మీద కూర్చున్నారు. పెళ్ళిళ్ళు, చావులు తప్ప మరే కారణంతోనూ మార్లిస్ ఆ బల్ల ఖాళీగా వదల్లేదు. భర్త ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఒళ్ళో తోలు గ్లవ్. అది నాన్నదే. ఏటా మార్చి నెలలో నూనె రాసి, మెత్తగా చేసి, ఆటలు మొదలయ్యే రోజుకి సిద్ధం చేస్తుంది. అన్నేళ్ళలో ఆ గ్లవ్‌లో ఒక్క బంతీ పడలేదు. ముందు వరసలో పడ్డాయి, వెనక వరసలో పడ్డాయి, ఓసారి పక్కావిడ చంటిబిడ్డ బండిలోనూ పడింది. మార్లిస్ గ్లవ్‌లో మాత్రం పడలేదు.

పడాలని తనకోసం కాదు. నాన్నకి ఒకే ఒక కోరిక, గోడ దాటేలా హోమ్ రన్ కొట్టిన బంతి చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలని. తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ఓ బంతి ఆయన వేళ్ళకి తగిలి వెనకవాడికి పోయింది. ఆ కథ ఇప్పటికీ చెబుతాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. ఈ మెట్లెక్కడం ఇదే ఆఖరిసారని పొద్దున్న కారెక్కుతూ తనే అన్నాడు. అందుకని మార్లిస్‌కి ఇవాళ ఆట గెలవడం ఓడడం కాదు, బంతి కావాలి. అది తన చేతి మీదుగా నాన్న చేతిలో పడాలి.

కాండీ అరిజోనాలో ఉంటుంది. ఆరేడేళ్ళకొకసారి మెరుపులా వచ్చి మెరుపులా పోతుంది. ఆటంటే చిన్నప్పటి నుంచీ పడదు. ఇవాళ నాన్న కోసం వచ్చింది. కూర్చుంటూనే, "మార్లీ, మనవాళ్ళు తెల్లచొక్కాలా, బూడిదరంగు చొక్కాలా?" అని అడిగింది.

ముందు వరసలోంచి బడ్ హ్యూబ్‌నర్ వెనక్కి తిరిగి చూశాడు. చేతిలో ఆవు మెడలో కట్టే పెద్ద గంట. అది లేకుండా బడ్ ఆటకి రాడు.

"ఫ్రిట్జ్, ఈవిడ నీ కూతురేనా? ఆసుపత్రిలో మారిపోలేదు కదా?"

ఫ్రిట్జ్ పకపకా నవ్వాడు. అదే ప్రశ్న మార్లిస్ అడిగి ఉంటే వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

ఆట సంగతికొస్తే, అది ఆటేనా! ఎదుటి జట్టు మానిటోవాక్ ఫెర్రీమెన్ ఆ ఏడు ఆడిన చోటల్లా ఓడుతూ వచ్చారు. అరగంట దూరంలో ఉన్న ఊరు, తాతల నాటి పగ. ఒకప్పుడు వీళ్ళని ఏడిపించినవాళ్ళే. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ళకో హోమ్ రన్ పడింది. అదే మొదలు, అదే ఆఖరు. ఆ తరవాత టానర్స్ బాదుడు మొదలుపెట్టారు. నాలుగు, ఏడు, పదకొండు, పద్నాలుగు. స్కోరుబోర్డు మీద పలకలు మార్చే మనిషి కుర్చీలోంచి లేచి నిలబడే పని చేస్తున్నాడు.

బల్లల మీద జనానికి పూనకం వచ్చేసింది.

"ఒరేయ్, మీ బస్సు ఇంజను ఆపారా? ఆపకండి, ఇప్పుడే పోదురుగాని!"

"పిచర్‌ని మార్చండ్రా పాపం, వాళ్ళమ్మ చూస్తుంటుంది!"

గోడకి అవతల, సరిగ్గా వీళ్ళ కింద కాపలా కాస్తున్న ఫెర్రీమెన్ కుర్రాడి వీపు మీద పెటిబోన్ అని పేరుంది. వాడికి పడినన్ని వెక్కిరింతలు ఎవరికీ పడలేదు. "పెటిబోన్, అటూ ఇటూ పరిగెత్తి అలిసిపోయావు, కుర్చీ వెయ్యమంటావా?" అని బడ్ గంట కొట్టాడు. వాడు తలతిప్పకుండా టోపీ సర్దుకున్నాడు. మార్లిస్ కూడా రెండు కేకలు వేసింది. ఓడినవాణ్ణి వెక్కిరించొద్దని ఫ్రిట్జ్ కర్రతో ఆవిడ చెప్పు మీద తట్టాడు. ఆ తరవాత ఫెర్రీమెన్‌లో ఎవడైనా బంతిని గీకినంత కొట్టినా సరే, బల్లల మీదివాళ్ళు ఎగతాళిగా లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు. ఎవరికోసం చప్పట్లు పడుతున్నాయో కొత్తవాళ్ళకి అంతుపట్టని స్థితి.

అంతకుముందు, రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ళ హోమ్ రన్ బంతి పై వరసలో ఓ లావుపాటాయనకి దొరికింది. అందరూ ఒక్క గొంతుతో "విసిరెయ్! విసిరెయ్!" అన్నారు. ఆయన ఏమాత్రం బాధపడకుండా మైదానంలోకి విసిరేశాడు.

"అయ్యో, దొరికిన బంతి ఎందుకు విసిరేశాడు?" అంది కాండీ.

"శత్రువు కొట్టిన బంతి మనం ఇంట్లో పెట్టుకోం," అంది మార్లిస్, పాఠం చెప్పే టీచరమ్మలా. "ఈ బల్లల మీద అదే మర్యాద. వాళ్ళ బంతి దాచుకున్నవాణ్ణి చచ్చేదాకా ఇక్కడ ఎవరూ పలకరించరు. మనవాళ్ళది దొరికితే మాత్రం ప్రాణం పోయినా వదలం."

"భలే ఉందే!" అని కాండీ నాన్న చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి వదల్లేదు. ఆరో ఇన్నింగ్స్ దాకా వదల్లేదు. మార్లిస్ చూస్తూనే ఉంది. తను రోజూ మందు బిళ్ళలు ఆ అరచేతిలోనే పోస్తుంది. తీసుకుంటాడు, మింగుతాడు, టీవీ చూస్తాడు. చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు. కడుపులో సన్నగా మంట మొదలైంది. చేతిలో ఉన్న బీరుతో ఆ మంట ఆరలేదు.

ఏడో ఇన్నింగ్స్ విరామంలో కాండీ తినడానికేదో తెస్తానని లేచింది. వరసలో చాలాసేపు నిలబడినట్టుంది, తిరిగొచ్చేసరికి ఆట మళ్ళీ మొదలై టానర్స్ వంతు నడుస్తోంది. చేతుల్లో అట్టపెట్టె, అందులో మూడు బ్రాట్లు, అంటే రొట్టెలో పెట్టిన సాసేజ్‌లు, మీద ఉల్లిపాయలు, కుమ్మరించిన పచ్చటి ఆవముద్ద, మస్టర్డ్. మెట్ల మీద సగం దూరంలో ఉండగా "ఠాప్"మని చప్పుడైంది.

ఆ చప్పుడు మార్లిస్‌కి తెలుసు. చూడకుండానే లేచింది. బంతి ఎత్తుగా, నెమ్మదిగా, సరిగ్గా తనవైపే వస్తోంది. గ్లవ్ పైకెత్తింది. ఎండ కళ్ళలో పడింది. ఇదే, ఇదే అనుకుంది. బంతి గ్లవ్ అంచుకి బెత్తెడు పైనుంచి వెళ్ళిపోయి, వెనక మెట్టుకి తగిలి, ఎగిరి, కాండీ చేతిలో ఉన్న అట్టపెట్టెలో బ్రాట్ల మధ్య పడింది.

కాండీ చేసిందల్లా పెట్టె జారకుండా పట్టుకోవడం.

జనం గోల గోల. బడ్ గంట ఆగకుండా మోగుతోంది. కాండీ మస్టర్డ్ కారుతున్న బంతిని బయటికి తీసి, నోరు తెరుచుకుని అక్క వైపు చూసింది. కళ్ళు చిన్నపిల్లలా మెరుస్తున్నాయి. ఫ్రిట్జ్ కర్ర ఆనించి సగం లేచి ఆ బంతి వైపు చెయ్యి చాపాడు. కాండీ వైపే చాపాడు.

ఆ చాచిన చెయ్యి చూశాక మార్లిస్ లోపల ఏదో తెగింది. ఇన్నేళ్ళు నూనె రాసింది ఎవరు? వానలో, ఎండలో కూర్చుంది ఎవరు? ఇది తెలుపేదో బూడిదేదో తెలియనిది, సాసేజ్ కొనడానికి వెళ్ళి బంతి తెచ్చుకుంది. చిన్నప్పుడు సైకిలూ అంతే, నాన్న గారాబమూ అంతే, అన్నీ దాని ఒళ్ళోకే నడిచొచ్చి పడతాయి.

"మార్లీ!" కాండీ అరిచింది. "మనదా, వాళ్ళదా?"

గంట మోగుతోంది. ఫ్రిట్జ్‌కి వినబడదు, గోలలో వినికిడి మిషను కట్టేసుకుంటాడు. ఇంకెవరికీ వినబడదు.

"వాళ్ళది," అంది మార్లిస్.

కాండీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి వెనక్కి లాగి, బలం కొద్దీ విసిరింది. బంతి గోడ దాటి పచ్చగడ్డిలో పడి దొర్లింది.

 ఆ బల్లల మీద నూరు గొంతులు ఒక్కసారి లేచాయి.

"అమ్మా తల్లీ! మనవాళ్ళ బంతమ్మా అది!"

"సొంత హోమ్ రన్ విసిరేసిందిరా!"

"పదిహేడు పరుగులు ఎక్కువయ్యాయని ఒకటి వాళ్ళకి దానం చేసింది!"

బడ్ గంట కింద పెట్టి రెండు చేతులతో తలపట్టుకున్నాడు. "ఎవరు చెప్పారు నీకు విసరమని?"

కాండీ మార్లిస్ వైపు చూసింది. మార్లిస్ వంగి గ్లవ్ తాడు బిగించుకుంటోంది. "ఎవరూ చెప్పలేదు," అంది కాండీ, మొహం ఎర్రగా చేసుకుని. "నా తెలివే. నవ్వుకోండి."

నవ్వుకున్నారు. కాండీ వచ్చి కూర్చుని అక్క చెవిలో గుసగుసగా అంది. "గోలలో నువ్వూ పొరబడ్డావు కదూ? పోనీలే. నువ్వు చెప్పావని తెలిస్తే వీళ్ళు నిన్ను ఇక్కడ బతకనిస్తారా? నేనైతే రేపు విమానమెక్కి పోతాను. ఎంత తిట్టినా నాకు వినబడదు."

పోనీ అదైనా కోపం తెచ్చుకుంటుందేమో, తిట్టుకుంటుందేమో అని చూసిన మార్లిస్‌కి ఆ దారీ మూసుకుపోయింది. దాని మంచితనం చూసి కూడా ఏడుపే వచ్చింది. ఫ్రిట్జ్ మెల్లగా కూర్చున్నాడు. చాచిన చెయ్యి ఇంకా పూర్తిగా దించలేదు.

కింద పెటిబోన్ బంతి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్ళకి అంటిన మస్టర్డ్ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆట మొదలైనప్పటి నుంచీ తనని దుమ్మెత్తిపోసిన బల్లల వైపు తలెత్తాడు. అంతా విరగబడి నవ్వుతుంటే, ఎర్రటి మొహంతో తల దించుకున్నావిడ కనబడినట్టుంది. టోపీ కొంచెం పైకి లేపి, బంతిని పైకి విసిరాడు. అది కాండీకే విసిరాడు. కాండీ తల దించుకునే ఉంది. మార్లిస్ చెయ్యి దానంతటదే లేచింది.

గ్లవ్ మధ్యలో, మెత్తగా, "థప్" అంది.

"పట్టింది! మార్లిస్ పట్టింది!" బడ్ గంట మళ్ళీ మోగింది. ఆ వరసలన్నీ లేచి నిలబడ్డాయి. పెటిబోన్‌కి కూడా చప్పట్లు కొట్టారు, ఈసారి ఎగతాళి లేకుండా. అందరికంటే ముందు అక్కని కావలించుకుంది కాండీ. "చూశావా, చూశావా, చివరికి నీ దగ్గరికే వచ్చింది!" అని గెంతింది. దాని మొహంలో మార్లిస్ ఎంత వెతికినా ఇసుమంత ఓర్వలేనితనం కనబడలేదు.

బంతి తీసి నాన్న అరచేతిలో పెట్టింది మార్లిస్. ఇన్నేళ్ళూ కలగన్నది ఇదే. ఆయన వేళ్ళు బంతి కుట్లని తడిమాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తోలు మంచిది," అన్నాడు తోళ్ళ ఫ్యాక్టరీ మనిషి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మార్లిస్ ఆయన వంకే చూసింది. మంట మాత్రం ఆరలేదు. మస్టర్డ్ వాసన వేస్తోంది.

ఆట పద్దెనిమిది, ఒకటితో ముగిసింది. బయట కార్ల దగ్గర జనం ఇంకా పాడుతున్నారు. దారి పొడుగునా ఎవరో ఒకరు కాండీని చూసి చెయ్యి ఊపి "విసిరెయ్ తల్లీ!" అంటున్నారు. అది నవ్వుతోంది గానీ మొహం వాడిపోయింది.

కారు తలుపు దగ్గర ఫ్రిట్జ్ ఆగాడు. కట్టేసిన వినికిడి మిషను మళ్ళీ వేసుకున్నాడు. బంతిని మార్లిస్ చేతిలో పెట్టి, "ఇది దానికివ్వు," అన్నాడు.

"ఎవరికి నాన్నా?"

"కాండీకి. పాపం, అంతమందిలో నవ్వులపాలైంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, అప్పటికి నేనుంటానో ఉండనో. ఈ బంతి చూసినప్పుడల్లా నేను గుర్తుంటాను."

"వద్దు నాన్నా," అంది కాండీ కంగారుగా. "పట్టింది మార్లీ. ఇన్నేళ్ళు ఎదురుచూసింది. నాకెందుకు?"

"అది ఏమీ అనుకోదు," అన్నాడు ఫ్రిట్జ్. పెద్దకూతురి భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నటి నుంచీ ఆయన ఆవిడ మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. "నీకు తెలియదు కాండీ. మార్లిస్‌ది పెద్ద మనసు. చిన్నప్పటి నుంచీ నీకేది వచ్చినా అది సంతోషపడేది. అందుకే నేను దాని గురించి ఎప్పుడూ బెంగపెట్టుకోలేదు."

మార్లిస్ బంతి వంక చూసుకుంది. ఇప్పుడు ఈ బంతి ఇవ్వలేనని నిజం చెబితే ఆ భుజం మీది చెయ్యి తీసేస్తాడు. చెప్పకపోతే బంతి పోతుంది. రెండూ ఉంచుకునే దారి లేదు. పాటలు పాడుతూ ఓ గుంపు పక్కనుంచి వెళ్ళింది. ఆవిడ బంతి పట్టుకున్న చెయ్యి ముందుకు చాపింది.

"తీసుకో," అంది.

కాండీ కళ్ళు తుడుచుకుని అందుకుంది. అందుకుని లాగింది. బంతి రాలేదు.

"మార్లీ," అంది నవ్వుతూ, "వదులు మరి."