ముక్కోణపు తాళంచెవి

ఆ ఇంటికి లిఖిత రాజ్యాంగం లేదు గాని, దాని మొదటి అధికరణం ఇంటిల్లిపాదికీ కంఠస్థం: పరాయి మెకానిక్కు అనేవాడు ఈ గడప దాటి లోపలికి అడుగుపెట్టరాదు. ఈ శాసనం చేసినవాడు ఇంటి యజమాని. వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్కు. ఇరవై రెండేళ్లుగా నగరంలోని ఎత్తయిన భవనాలలో వేలాది మందిని క్షేమంగా పైకి చేరవేసి, అంతే క్షేమంగా కిందికి దించుతున్న తనకు మిక్సీ, కుళాయి, గోడగడియారం వంటి అల్పప్రాణులు లొంగకపోవడమేమిటని ఆయన ఉద్దేశం. అవి లొంగలేదు. మిక్సీ ఒక పక్కకు ఒరిగి, ఏదో పాత పగ గుర్తొచ్చినట్టు గుర్రుమంటూ తిరిగేది. గోడగడియారం ఆయన చికిత్స పొందిన నాటినుంచి మౌనవ్రతంలో ఉంది. అయినా ఆయన ఆత్మవిశ్వాసానికి ఇసుమంతైనా బీట వారలేదు.

రెండో అధికరణం ప్రకారం ఏ పనికైనా పట్టే కాలం ఐదు నిమిషాలు. కుళాయి బిగించడానికి ఐదు నిమిషాలు, భోజనానికి లేవడానికి ఐదు నిమిషాలు, పిల్లల బడి వార్షికోత్సవానికి చేరుకోవడానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలలోనే పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

పెద్దది పదహారేళ్ల అమ్మాయి. రెండేళ్ల వయసులోనే వేలు చూపించి నేరస్థులెవరో తేల్చేయడం వల్ల ఇంట్లో ఆమెకు జడ్జిగారనే పేరు స్థిరపడింది. ఏడాదిగా జడ్జిగారు తీర్పులు ఇవ్వడం మానుకుని, తండ్రితో 'ఊఁ', 'ఊహూఁ' అనే రెండు శబ్దాలతోనే సంసారం వెళ్లదీస్తున్నారు. రెండోవాడికి పద్నాలుగేళ్లు. ఒక్క ఏడాదిలో జానెడు సాగినందువల్ల వాడు స్ప్రింగు. ఇక వీళ్ల తల్లి రక్తపరీక్షల ల్యాబులో నమూనాలు తీస్తుంది. ఎంతటి విపత్తునైనా "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని ముందుగా చెప్పి, తరువాత సూది గుచ్చడం ఆమెకు వృత్తిలోనూ సంసారంలోనూ అలవాటు.

ఆ శనివారం పదకొండు గంటలకు నగర బాలికల ఫుట్‌బాల్ జట్టుకు ఎంపిక. జడ్జిగారు గోల్‌కీపరు. నిరుడు ఇదే ఎంపికలో ఒక్క గోలు తేడాతో ఇంటికి తిరిగివచ్చి, మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ అవకాశం లేదు. కోచ్ పెట్టిన నియమం ఒకటుంది: క్లబ్బు జెర్సీ లేనివాళ్లు గీత దాటి మైదానంలోకి రాకూడదు. ఆ జెర్సీ ముందురోజు సాధన తాలూకు బురదంతా మోసుకుని ఉదయం ఏడింటికి వాషింగ్ మెషిన్‌లోకి వెళ్లింది. ఎలాగూ తిరుగుతోంది కదా అని, ఉదారహృదయుడైన తండ్రి తన యూనిఫాం ప్యాంటు కూడా అందులో పడేశాడు.

ఏడున్నరకు యంత్రం ఒక్కసారి మూలిగి, కడుపునిండా నీళ్లతో నిలిచిపోయింది. లోపల నీళ్లున్నంతసేపూ దాని తలుపు తెరుచుకోదు. గుండ్రటి అద్దం వెనక పసుపు జెర్సీ, చేపల తొట్టిలో చేపలా తేలుతూ కనిపిస్తోంది.

"మెకానిక్కుని పిలవండి" అంది కూతురు.

"ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని మెకానిక్కుని పిలవడమేంటి? ఐదు నిమిషాలు."

ఆయన పైమూత విప్పాడు. తరువాత యంత్రాన్ని ముందుకు జరిపి వెనక రేకు విప్పాడు. బెల్టును, మోటారును, తీగలను ఒక్కొక్కదాన్నీ పలకరించాడు. స్ప్రింగు నడవాలో నిలబడి, "నాన్నా, ముందు వైపు కింద ఒక చిన్న మూత..." అన్నాడు.

"ముందు నువ్వు వెలుతురుకి అడ్డం తప్పుకో."

"దాంతో వచ్చిన పుస్తకంలో ఉండుంటుంది" అంది తల్లి.

"పుస్తకాలు తెలియనివాళ్లకి."

"మరి ఆ పుస్తకం ఏది?"

"తెలిసినవాణ్ణి కదా, పారేశాను."

తొమ్మిదయింది. ఐదు నిమిషాలు గంటన్నర వయసుకు వచ్చాయి. కూతురు నడవా చివర నిలబడి తండ్రి వీపును కాసేపు చూసింది. "నీ ఐదు నిమిషాలూ నువ్వూ!" అని ఒక్కమాట అని, స్నానాల గదిలోకి వెళ్లి, చెవులు చిల్లులు పడేలా తలుపేసుకుంది. లోపల ఏదో ఖణేలుమని గచ్చు మీద పడింది.

ఆ తలుపు చరిత్ర కొంత చెప్పుకోవాలి. స్ప్రింగు తలుపు తట్టకుండా లోపలికి జొరబడుతున్నాడని ఆర్నెల్ల కిందట కూతురు మొరపెట్టుకుంది. తండ్రి వెంటనే కదిలాడు. పాత భవనంలో తీసేసిన లిఫ్టు తలుపు తాళాన్ని తెచ్చి, ఆ స్నానాల గదికి అమర్చాడు. లోపలినుంచి మీట తిప్పితే తెరుచుకుంటుంది. బయటినుంచి మాత్రం తలుపు లోతున ఉన్న రంధ్రంలో మూడు పలకల తాళంచెవి దూర్చి తిప్పితే తప్ప బ్రహ్మదేవుడు దిగివచ్చినా తెరుచుకోదు. స్నానం చేసే మనిషికి ఇంతటి కోట అవసరమా అని భార్య అడిగితే, "భద్రత విషయంలో రాజీ ఉండదు" అన్నాడు.

"నాన్నా" అని లోపలినుంచి వినిపించింది. "మీట ఊడి కిందపడింది. తలుపు రావట్లేదు."

"కంగారు పడకు. నా దగ్గర చెవి ఉందిగా" అని ఆయన నిబ్బరంగా నవ్వుతూ ప్యాంటు జేబు తడుముకున్నాడు. తరువాత రెండో జేబు. తరువాత ఆయన చూపు నెమ్మదిగా యంత్రం అద్దం వైపు మళ్లింది. పసుపు జెర్సీ పక్కకు తప్పుకుని, వెనక తేలుతున్న నీలం ప్యాంటును మర్యాదగా పరిచయం చేసింది.

"చెవి అందులోనా?" అంది భార్య.

ఆయన అద్దం మీద వేలితో తట్టి చూశాడు. అదే జవాబు.

రెండో చెవి ఆఫీసులో ఉంది. ఆఫీసు నగరానికి ఆ చివర. వెళ్లి రావడానికి రెండు గంటలు. పటకారు ఆ రంధ్రం లోతుకు అందదు. తలుపు బద్దలు కొడదామంటే, బందులకు ఇనుపపట్టీలు బిగించి దాన్ని అభేద్యం చేసిన మహానుభావుడు కూడా తానే. తన విజయాలన్నీ వరసగా తనకు అడ్డం నిలబడిన ఘట్టం అది.

"ఏవండీ, ఏదో ఒకటి మాట్లాడండి దాంతో. ఊపిరి గట్టిగా తీస్తోంది" అని భార్య మెల్లగా అంది.

ఈ ఏడాదిగా కూతురితో మాట్లాడటం మూసిన తలుపుతో మాట్లాడటమే. అయితే మూసిన తలుపులతో మాట్లాడటం ఆయన వృత్తి. కంపెనీలో ఆ విద్యకు ఆయనే ఆచార్యుడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఏడుస్తుంటే కుర్ర మెకానిక్కులు ఆయనకే ఫోను చేస్తారు. ఆయన తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. వచ్చిన గొంతు ఇంట్లో ఎవరూ ఎన్నడూ విననిది.

"నమస్కారం. నేను మెకానిక్కుని మాట్లాడుతున్నాను. లోపల ఎంతమంది ఉన్నారండీ?"

"నాన్నా, పిచ్చా?"

"జవాబు చెప్పాలండీ. నియమం."

"ఒక్కరు."

"ఊపిరాడటం ఇబ్బందిగా ఏమైనా ఉందా?"

"ఇందాక ఉండింది. ఇప్పుడు లేదు."

"కూర్చోవడానికి చోటుందా?"

"బకెట్టు బోర్లించుకున్నాను."

"మంచిది. నేను తలుపు బయటే ఉన్నాను. మీరు బయటికి వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

ఈ ఆఖరి వాక్యాన్ని ఆయన ఇరవై రెండేళ్లలో కొన్ని వందల మంది అపరిచితులకు చెప్పి ఉంటాడు. ఇంట్లో ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

"ఎంతసేపు పడుతుంది?" అంది లోపలి గొంతు.

'ఐ' అనే అక్షరం అలవాటు కొద్దీ ఆయన పెదవుల దాకా వచ్చింది. కాని కంపెనీలో మూడో నియమం ఉంది: లోపల ఉన్నవాళ్లకు కాలం విషయంలో అబద్ధం చెప్పరాదు. ఐదు నిమిషాలన్నవాడు ఆరో నిమిషానికి అపరాధి అవుతాడు. ఆ తరువాత అతను చెప్పే ఏ మాటా లోపలికి చేరదు. ఈ సంగతి ఆయన కొత్తగా చేరిన ప్రతివాడికీ పాఠంగా చెబుతాడు.

"తెలీదు తల్లీ" అన్నాడు. మెకానిక్కు గొంతు కాదది. "నిజంగా తెలీదు. పదిన్నరలోపు తీయగలనని అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను."

లోపల బకెట్టు తలుపు దగ్గరికి జరిగిన చప్పుడయింది.

"పోయిన ఏడాది ఆ గోలు ఎలా పడిందో తెలుసా?"

"అమ్మ చెప్పింది. బంతి జారిందని."

"జారలేదు. నేను చూళ్లేదు. గేటు వైపు చూస్తున్నాను. ఐదు నిమిషాల్లో వస్తానన్నావుగా."

"ఆరోజు లిఫ్టులో ఇద్దరు పెద్దవాళ్లు..."

"తెలుసు నాన్నా. అందులో ఒకావిడకి గుండెజబ్బు. నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా చేశావు. రాలేనని చెప్పుంటే గేటు వైపు చూసేదాన్నే కాదు కదా!"

ఆయన తలుపు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. తాను వేసిన ఇనుపపట్టీలు చల్లగా తగిలాయి. తరువాత లేచి, సింహాసనం దిగుతున్న చక్రవర్తి గాంభీర్యంతో భార్యతో అన్నాడు: "మెకానిక్కుని పిలువు."

"ఎనిమిదింటికే పిలిచాను. సోమవారం వస్తాట్ట."

అలా మొదటి అధికరణం, తనకు తెలియకుండానే రద్దయిపోయి గంటా నలభై నిమిషాలయిందని ఆయనకు తెలిసింది. ఆశ్చర్యపడే తీరిక లేదు. "ఒరేయ్ స్ప్రింగూ, ఇందాకా ఏదో మూతన్నావు."

వాడు ముందుకు రాలేదు. "అందులో ఏం దొరికినా తిట్టకూడదు."

"తిట్టను."

"నవ్వకూడదు కూడా."

"ఒరే, మీ అక్క లోపలుంది. చూపించరా నాయనా!"

యంత్రం పాదాల దగ్గర, ముందువైపే, అరచేతిలో సగం ఉన్న ఒక మూత. పైనా వెనకా విప్పి దిగ్విజయం చేసిన మహావీరుడు కన్నెత్తి చూడని చోటు. తిప్పగానే నీళ్లు గుప్పున వచ్చాయి. స్ప్రింగు పళ్లెం పెట్టాడు, తల్లి బకెట్టు పెట్టింది, అయినా నడవా చెరువయింది, తలుపు కిందనుంచి నీళ్లు లోపలికి వెళ్లేసరికి "ఇప్పుడు ముంచేస్తారా నన్ను?" అని జడ్జిగారు అరిచారు. ఆ అరుపులో ఏడాదిగా వినపడని నవ్వు కొంచెం ఉంది.

మూత వెనక జాలీలో దొరికినవాటిని తల్లి వృత్తిధర్మం తప్పకుండా, నమూనాలు పేర్చినట్టు పళ్లెంలో వరసగా పేర్చింది. వాషర్లు ఏడు, మరలు రెండు, నట్టు ఒకటి. ఈ పదీ యజమానిగారి జేబుల్లోంచి ఆయన ప్యాంట్లతో పాటు వచ్చి స్థిరనివాసం ఏర్పరచుకున్నవి. పదకొండోది గడ్డం గీసుకునే రేజరు ముందు తొడుగు. తల్లిదండ్రులిద్దరి కళ్లూ స్ప్రింగు పై పెదవి మీద వాలాయి. అక్కడ గీయడానికి ఏమీ లేదు. గీసిన గాటు ఒకటి మాత్రం ఉంది.

"నవ్వనన్నావు" అన్నాడు వాడు.

"నవ్వట్లేదురా. పదకొండింట్లో పదింటికి ముద్దాయిని నేనే" అన్నాడు తండ్రి.

క్లిక్కుమని యంత్రం తలుపు విడింది. ప్యాంటు జేబులో ముక్కోణపు చెవి, మునుపెన్నడూ లేనంత శుభ్రంగా మెరుస్తోంది. పదీ పన్నెండుకు స్నానాల గది తెరుచుకుంది. కౌగిలింతలేవీ జరగలేదు. జడ్జిగారు చెమట మొహంతో బయటికి వచ్చి, తండ్రిని ఎగాదిగా చూసి, "జెర్సీ ఏదీ?" అన్నారు.

జెర్సీ పిండినా తడిగానే ఉంది. దారి పొడుగునా ఆమె స్కూటరు వెనక కూర్చుని, దాన్ని రెండు చేతులతో పైకెత్తి గాలికి పట్టుకుంది. పెళ్లిళ్లకు మాత్రమే తొడిగే ప్యాంటులో తండ్రి, తల మీద పసుపు పతాకం; ఏదో చిన్న రాజ్యం దండయాత్రకు బయలుదేరినట్టుంది.

మైదానం గేటు దగ్గర దిగి, ఆమె అడిగింది. "ఎంతసేపుంటావు?"

"పన్నెండున్నర దాకా. ఒంటిగంటకి డ్యూటీ. పేర్లు చదివేటప్పుడు ఉండను."

ఆమె ఆ మాటను కాసేపు తూకం వేసింది. "ఊఁ" అంది. అయితే ఇది వేరే 'ఊఁ'.

ఆయన గేటు పక్క బల్ల మీద, ఆమెకు తేలిగ్గా కనిపించే చోటు చూసుకుని మరీ కూర్చున్నాడు. ఆమె కుడికి దూకింది, ఎడమకు దూకింది, ఒక బంతిని గుండెకు హత్తుకుని బురదలో రెండు పల్టీలు కొట్టింది. ఒకటి పోయింది, లేచి చేతొడుగులు దులుపుకుంది. ఆ గంటన్నరలో ఆమె గేటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మొదట ఆయన మనసు కొంచెం చివుక్కుమంది. చివుక్కుమన్నది సర్దుకోవడానికి కాస్త సమయం పట్టింది. సర్దుకున్నాక మాత్రం, తన జీవితంలో తనను ఇంత గౌరవంగా ఎవరూ చూడకుండా ఉండలేదని ఆయనకు అనిపించింది.

పన్నెండున్నరకు లేచి వెళ్లిపోయాడు.

రెండుంబావుకు, ఒక ఆసుపత్రి లిఫ్టు కప్పు మీద నిలబడి ఉండగా ఫోనులో సందేశం వచ్చింది. 'రెండో కీపరుగా తీసుకున్నారు. ఇంటికి ఎప్పుడొస్తావు?'

ఆయన ఒకటికి రెండుసార్లు చదువుకుని, నూనె వేలితో 'ఐదు ని' దాకా కొట్టి, తుడిచేశాడు. పని లెక్క వేశాడు, దారి లెక్క వేశాడు. 'ఆరూ నలభైకి' అని పంపాడు.

ఆరూ నలభై మూడుకు ఆయన గడప దాటేసరికి, జడ్జిగారు నడవాలో బకెట్టు బోర్లించుకుని, ఊడిన మీట చేతపట్టుకుని కొలువుతీరి ఉన్నారు.

"మూడు నిమిషాలు" అన్నారు.

"సందు మొగలో బండి ఆపి పక్కింటాయనకి చెప్పానమ్మా, నువ్వు సెలెక్ట్ అయ్యావని."

జడ్జిగారు మీటను రెండుసార్లు అరచేతిలో తట్టి ఆలోచించారు. "కొట్టేశాం కేసు. ఈ మీట బిగించు. స్ప్రింగుగాడు మళ్లీ తలుపు తట్టకుండా వచ్చాడు."

"ఎంతసేపట్లో కావాలి?"

"ఎంత పడితే అంత" అంది కూతురు. ఆయన పని మొదలుపెడితే, స్క్రూడ్రైవరు అందిస్తూ పక్కనే కూర్చుంది.