మధులత మేడం తిన్న వంజరం

మా అనూరాధ ఇవాళ వన్ టౌన్‌లో ఆడిటర్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని కంపెనీల లెక్కలు చూస్తోందంటే, అదంతా నా చలవే. కావాలంటే జాలరిపేటలో ఎవరినైనా అడగండి, చెప్తారు. చెప్పలేదంటే, వాళ్ళకి నేనింకా చెప్పలేదని అర్థం.

నా పేరు సూరన్న. వయసు మళ్ళాక సముద్రం మీదికి వెళ్ళడం మానేశాను. మా అబ్బాయి దుర్గారావు బోటు మీద వెళ్తాడు. నేను ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తూ, వినేవాడు దొరికితే కబుర్లు చెబుతుంటాను. అనూరాధ వాడి కూతురు. సబ్బవరం వెళ్ళే దారిలో ఉన్న క్రైస్తవుల యూనివర్సిటీలో బీకాం చదివింది. పొద్దున్నే అక్కడ ప్రేయర్ హాల్లో పాట పాడాకే పాఠాలు. మా పిల్ల ఇంట్లో చేపలు తోముతూ ఆ పాటలు కూనిరాగం తీసేది. మా ఆవిడ గంగాలమ్మ మొదట్లో కొంచెం గునిసింది గానీ, తరవాత ఆవిడే ఒక చరణం నేర్చుకుంది.

మూడో ఏడు చివర వైవా అని ఒకటుంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష. దానికి వన్ టౌన్ నుంచి ఆడిటర్ గురునాథరావు గారు వస్తారు. నచ్చిన ఒక్కరిని తన ఆఫీసులో పని నేర్చుకోవడానికి తీసుకుంటారు. ఆ ఒక్క చోటు కోసం మా పిల్ల ఏడాదంతా కాచుకుని ఉంది. అయితే దానికో జబ్బుంది. కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే గొంతు లేవదు. ఆడిటింగ్ చెప్పే మధులత మేడం కూడా వైవాలో కూర్చుంటారు కాబట్టి ధైర్యంగా ఉంది.

"మేడం పక్కనుంటే సాలు తాతా. ఆవిడ మొహం సూసి సెప్పేత్తాను," అంది ఒక సాయంత్రం.

ఆ మాట నా చెవిన పడకుండా ఉంటే బాగుండేది.

మా ఊళ్ళో నేను చదివింది పాకలో బడి. అప్పట్లో పరీక్షలు దగ్గర పడితే ఇంటింటి నుంచీ మేష్టారికి చేప వెళ్ళేది. ఎవరూ దాన్ని లంచమనుకోలేదు. మన పిల్లకి అక్షరం చెప్పే మనిషి ఇంట్లో కూర లేకపోతే ఎలా అనుకునేవాళ్ళం, అంతే. నేను మోసుకెళ్ళిన కానాగంత చేపలు పులుసు పెట్టుకుని తిని కూడా మా మేష్టారు నన్ను నాలుగో తరగతిలో ఫెయిల్ చేశాడు. అంత నిక్కచ్చి మనిషి.

కాబట్టి మధులత మేడంకి చేప ఇవ్వాలనుకున్నాను. అనూతో చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

దుర్గారావు వలకి మర్నాడు వేకువన వంజరం చేప పడింది. అది ఎంతుందంటే, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కితే కండక్టరు నాకు ముసలాళ్ళ టికెట్టు కొట్టి, దానికి ఫుల్ టికెట్టు కొట్టబోయాడు. గోనెసంచిలో ఐసు వేసి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని తోక ఎన్‌ఏడీ జంక్షన్ దాటేదాకా కిటికీ బయటే ఊగింది. ఎదర సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ, దిగేముందు కిలో ఎంతని అడిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాతబాబు ఆపాడు.

"ఏటి బావా ఆ సంచిలో?"

"సేప. పిల్లల సదువుకి. కోసి సూత్తారంట."

"ఏ డిపార్టుమెంటు?"

"కామర్సు."

తాతబాబు నన్నూ సంచినీ మార్చి మార్చి చూశాడు. "కామర్సోళ్ళు సేపనేటి సేత్తారు?"

"కండ ఓ పక్క పెడతారు, ముల్లు ఓ పక్క పెడతారు. రెండూ సరితూగితే దాన్నే బ్యాలెన్సు షీటంటారు."

అతను నవ్వాపుకోలేక గేటు తీశాడు. మేడం ప్రేయర్‌లో ఉన్నారని, ఇల్లు వెనకాల క్వార్టర్స్‌లోనే అని దారి కూడా చూపించాడు.

తలుపు తీసింది మేడం వాళ్ళమ్మగారు. నన్ను చేపలమ్మే మనిషిననుకుని "ఎంత?" అంది.

"డబ్బులేటమ్మా. అనూరాధ తాతని నాను. పరీచ్చలో మేడం పక్కనుంటే మా పిల్లకి ధైర్నం. అందుకని."

ఆవిడ సంతోషంగా పుచ్చుకుంది. మంచినీళ్ళిచ్చింది. నేను దొరలా తిరిగొచ్చాను.

సాయంత్రం అనూ ఇంటికొచ్చి బ్యాగు గోడకి తగిలించి, కంచం ముందు కూర్చోకుండా గుమ్మంలో కూర్చుంది.

"తాతా, మేడం ఇంటికెళ్ళావా?"

"ఎల్లినాను. మరేద సేసొచ్చినాను."

"మధ్యాన్నం పులుసు తిన్నాక వాళ్ళమ్మగారు సెప్పారంట, ఎవరు తెచ్చారో. మేడం సెయ్యి కడుక్కుని తిన్నగా ఆఫీసుకెళ్ళి, నా వైవాలో కూర్చోనని రాసిచ్చేసారు."

"ఏం, ముల్లు గుచ్చుకుందేటి?"

అది నవ్వలేదు. నా మాటకి నవ్వకపోతే ఆ పిల్లకి నిజంగా కష్టం వచ్చిందని నాకు తెలుసు.

"ఆవిడ మాకు మొదటి రోజు సెప్పిన పాఠమే అది. ఎవరి లెక్కలు సూడ్డానికి ఎల్తామో వాళ్ళ దగ్గర ఏటీ పుచ్చుకోకూడదని."

"నాను లంచమియ్యలేదే అమ్మీ."

"నాకు తెల్సు. మేడంకీ తెల్సు. బయటోళ్ళకి ఎలా తెలుత్తాది?"

నాకో ఉపాయం తట్టింది. "అయితే ఆ ఆడిటరు బాబుకి కూడా ఓటి అట్టుకెల్తాను. సమానమైపోద్ది."

"ఆయనా లేచెళ్ళిపోతారు. ఇంక గదిలో నానూ కుర్చీలూ ఉంటాం."

లోపలినుంచి గంగాలమ్మ అంది, "మావా, ఆ పరీచ్చ అయ్యేదాకా నువ్వు సేప ముట్టుకున్నావంటే నీకు పెట్టేది పచ్చడి మెతుకులే."

మర్నాడు మళ్ళీ బస్సెక్కాను, ఉత్త చేతుల్తో. ఒకరి దగ్గరికి అలా వెళ్ళడం అలవాటు లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మేడం నన్ను తన గదిలో కూర్చోబెట్టారు. చిన్న మనిషి, మెల్లగా మాట్లాడతారు.

"ఇందులో అనూరాధ తప్పేమీ లేదని కూడా రాశాను తాతగారూ. మీరు బెంగపడకండి."

"సేప బాగోలేదేటమ్మా?"

"బాగుంది. అదే ఇబ్బంది. రెండోసారి వడ్డించుకున్నాను."

"మరింకేటి? మీరు సెప్పకపోతే ఎవులికీ తెలీదు కదా."

"నాకు తెలుసు కదండీ. రేపు తనకి మంచి మార్కు వేస్తే, ఇది పిల్ల మార్కా, పులుసు మార్కా అని నాకే అనుమానం వస్తుంది. అంత కష్టపడిన పిల్లకి అనుమానపు మార్కు ఎందుకు?"

లేచి దణ్ణం పెట్టి వచ్చేశాను.

వైవా రోజున అనూ రావద్దంది. వెళ్ళాను. గది బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఉక్కకి తలుపు తీసే ఉంచారు. అప్పుడొచ్చారు గురునాథరావు గారు. ముందు మీసాలు గదిలోకి వెళ్ళాయి, కాసేపయ్యాక మనిషి వెళ్ళాడు. ఆ మీసాలు చూసి నాకే చెమట పట్టింది, పిల్ల సంగతి చెప్పాలా?

మొదటి ప్రశ్నకి అనూ గొంతు బయటికి రాలేదు. రెండోదానికి ఏదో గొణిగింది. డిపార్టుమెంటు పెద్దాయన పక్కన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. నేను నా వేళ్ళు నేనే విరుచుకుంటున్నాను.

"మీకు ఆడిటింగ్ చెప్పిన మేడం రాలేదేం?" అన్నారు మీసాలాయన.

పెద్దాయన ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "అమ్మాయిని చెప్పనివ్వండి."

మేడంకి ఒంట్లో బాగోలేదని చెబితే ఇంకెవరూ ఏమీ అడగరు. కానీ, కొంచెం వణుకుతూనే, మా పిల్ల గొంతు వినిపించింది.

"మా తాత ఆవిడకి చేప ఇచ్చారు సార్. ఆవిడ తెలీక తిన్నారు. తెలిశాక తప్పుకున్నారు."

"లంచమా?"

"కాదు సార్. మాలో అది మర్యాద. కానీ పరీక్ష ముందర ఇస్తే మర్యాదా లంచమూ ఒకలాగే కనిపిస్తాయి. చూసేవాళ్ళకి తేడా తెలీదు. అందుకే తప్పుకున్నారు."

"దానివల్ల నష్టం నీకే కదా. ఆవిడ చేసింది సరైనదేనంటావా?"

"సరైనదే సార్. నాకు కోపం వచ్చింది. అయినా సరైనదే."

ఇక అక్కడినుంచి దాని గొంతు నిలబడింది. ఆయన ఎటు తిప్పి అడిగినా తడుముకోకుండా చెప్పింది. చివర్లో ఆయన, "సరే, నిన్ను రొయ్యల కంపెనీ లెక్కలు చూడ్డానికి పంపుతాను. వచ్చేటప్పుడు వాళ్ళు రొయ్యల ప్యాకెట్టు చేతిలో పెడతారు. ఏం చేస్తావు?" అన్నారు.

"రొయ్యలైతే వద్దంటాను సార్, మా ఇంట్లో ఉంటాయి. మామిడిపళ్ళైతే కొంచెం ఆలోచిస్తాను."

పెద్దాయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఆలోచించి?"

"వద్దనే అంటాను. తిరిగొచ్చాక, అలా ఇచ్చారని, ఆలోచించానని కూడా మీకు చెప్తాను సార్."

మధ్యాన్నానికి మిగతా పిల్లల వంతు కూడా అయిపోయింది. అనూ వరండాలోకి వచ్చి నా పక్కన కూలబడింది. "తాతా, సోమవారం నుంచి రమ్మన్నారు," అంది. అని, నా భుజానికి తల ఆనించింది. కాసేపయ్యాక లేచి ప్రేయర్ హాల్లో కూర్చున్న మధులత మేడంకి చెప్పడానికి పరిగెత్తింది. నేను వెనకాల వెళ్ళలేదు. అప్పటికే నేను చేసిన సాయం చాలు.

ఇదంతా నా చలవేనని మొదట్లో కోశాను చూడండి, ఆ కోత ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. నేను దాని దారికి అడ్డంగా చేప పడేశాను, అది దాటుకుని వెళ్ళింది. ఇంతే జరిగింది. జాలరిపేటలో మాత్రం మొదట చెప్పిన మాటే చెల్లనివ్వండి.

ఇంకొక్కటి. ఇది చదివి అనూ నన్ను ఊరుకోదు, అందుకని నేనే చెప్పేస్తున్నాను. గురునాథరావు గారనే మనిషి లేడు. వచ్చిన ఆడిటర్ ధనలక్ష్మి గారని ఒక ఆవిడ, మా అనూ కన్నా కాస్త పెద్దదంతే. నీరుకావి కాటన్ చీర కట్టుకుని, వచ్చేటప్పుడు నన్ను చూసి నవ్వింది కూడా. అయితే అంత నెమ్మదైన మనిషిని చూసి నా మనవరాలు వణికిందంటే ఎవరు నమ్ముతారని మీసాలు పెట్టాను. సార్ అన్నచోటల్లా మేడం అని చదువుకోండి. మిగతాదంతా జరిగిందే. కండక్టరు టికెట్టు సంగతి మాత్రం నన్ను అడక్కండి.