కుడి గొట్టం

దైవాధీనం ముప్పై రెండేళ్ళు ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా రక్తపూతలు చూశాడు. చూడటమే కాదు, చూసే మైక్రోస్కోపు చెడిపోతే దాన్నీ తనే బాగుచేసుకున్నాడు. కింద మైదానం నుంచి రావలసిన మెకానిక్కు ఆరు నెలలకైనా వస్తాడన్న నమ్మకం ఉండేది కాదు. వానాకాలం వస్తే లెన్సుల మీద సాలెగూడులా బూజు పట్టేది. జ్వరాలు మాత్రం ఎవరి కోసమూ ఆగేవి కావు. అలా చేతికొచ్చిన విద్య అది. రిటైరై చింతపల్లిలో ఇల్లు కట్టుకున్నాక కూడా, అద్దం ఉన్న వస్తువు ఏది చెడినా జనం ఆయన వాకిట్లోకే తెచ్చేవారు.

డిసెంబరులో ఒకనాటి ఉదయం, మంచు ఇంకా రోడ్డు మీదే ఉండగా, ఫ్లోరెన్స్ ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఆమె సబ్ సెంటర్‌లో నర్సు, ఉద్యోగంలో ఉన్ననాటి నుంచీ ఆయనకు తెలిసిన పిల్ల. లంబసింగి దారిలో మూడు కిలోమీటర్ల అవతల పెద్దమ్మ అంతోనమ్మతో ఉంటోంది. అంతోనమ్మను ఆ చుట్టుపక్కల టీచరమ్మ అనే పిలుస్తారు. మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయి పదేళ్ళయింది. చలికాలం సాయంత్రాల్లో హాస్టలు పిల్లల్ని వాకిట్లో నిలబెట్టి, అదిగో పిల్లలకోడి, అదిగో గొల్లకావడి అని వేలితో చూపించడం ఆమె అలవాటు. అది గుర్తుపెట్టుకుని, పోయిన నెల జరిగిన పాత విద్యార్థుల కూటంలో అందరూ కలిసి ఆమెకు చుక్కలు చూసే బైనాక్యులర్ ఒకటి బహూకరించారు. వైజాగులో ఉండే ఆల్విన్ దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాడట. విదేశీ సరుకు, చవకలో దొరికింది.

ఫ్లోరెన్స్ పెట్టె బల్ల మీద పెట్టి, పెద్దమ్మ దాన్ని తిరిగి పంపించేయమంటోందని చెప్పింది. ఎందుకని ఆయన అడిగాడు.

“చందమామలు రెండు కనిపిత్తన్నాయంట బాబాయ్. తన కళ్ళే పోతన్నాయని మాకెవరికీ సెప్పకుండా ఊరుకుంది. మొన్న గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టింది. వాళ్ళమ్మకి ఆఖర్న ఆరేళ్ళు సూపే లేదు కదా, అదే బెంగ.”

ఉంచి వెళ్ళమన్నాడు దైవాధీనం.

మధ్యాహ్నం ఎండ తేరుకున్నాక కిటికీ దగ్గర కూర్చుని పెట్టె విప్పాడు. బైనాక్యులర్ బరువుగా, నల్లగా, బాగానే ఉంది. ముందు అద్దాలకు కెంపు రంగు పూత. చూడటానికి సొగసే గానీ, అలాంటి పూత రావలసిన వెలుగులో కొంత బయటికి తిప్పికొడుతుందని ఆయనకు తెలుసు. చేతులు చాచి, కంటికి దూరంగా, ఆకాశానికి ఎదురుగా పట్టుకున్నాడు. కన్ను ఆనించే అద్దాల్లో రెండు వెలుగు బొట్లు కనిపించాయి. మంచి సరుకైతే ఆ బొట్టు నిండు గుండ్రంగా ఉంటుంది. ఇందులో నాలుగు పక్కలా నీడ కోసేసి పలకలుగా ఉన్నాయి. లోపల వెలుగును మళ్ళించే ప్రిజమ్‌లకు చవక గాజు వాడారన్నమాట. తర్వాత స్కేలు పెట్టి కొలిచాడు. పెట్టె మీద రాసిందేమిటంటే, పదింతలు చేసి చూపిస్తుందని, ముందు అద్దం యాభై మిల్లీమీటర్లని. ఆ రాత నిజమైతే వెలుగు బొట్టు అయిదు మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగుకు మించి లేదు. టార్చి వేసి ముందు నుంచి తొంగిచూస్తే సంగతి తేలింది. పెద్ద అద్దం వెనకాల నల్ల రింగొకటి పెట్టి అంచుల వెలుగును ఆపేశారు. యాభై పేరుకే, పనిచేసేది నలభై.

ఇక రెండు చందమామల సంగతి. బైనాక్యులర్‌ని ఇసుక సంచి మీద కదలకుండా కూర్చోబెట్టి, ఎదురుకొండ మీది సెల్ టవరు చూశాడు. ఆయనకూ రెండు టవర్లు కనిపించాయి, ఒకదాని నెత్తిన ఒకటి. పక్కపక్కన ఉంటే కళ్ళు ఎలాగో సర్దుకుంటాయి. పైనా కిందా ఉంటే ఏ కన్నూ సర్దుకోలేదు, తలనొప్పి తప్ప మిగిలేదేమీ ఉండదు. దారిలో ఎక్కడో పెట్టె కింద పడి లోపలి ప్రిజమ్ ఒరిగి ఉంటుంది. రబ్బరు తొడుగు అంచు మెల్లగా లేపితే దాని కింద గింజంత స్క్రూ దొరికింది. వెంట్రుకంత తిప్పాలి, టవరు చూడాలి, మళ్ళీ వెంట్రుకంత తిప్పాలి. ఎక్కువ తిప్పితే ప్రిజమ్ అంచు చిట్లుతుంది. ఆ మధ్యాహ్నమంతా, మర్నాడు సగం పూటా అదే పని. చివరికి పై టవరు కిందికి దిగి కింది టవరులో కలిసిపోయింది. చలికి మైనంలా బిగిసిన పాత గ్రీజు తుడిచేసి, మైక్రోస్కోపులకు వాడే గ్రీజు పట్టించాడు. వేలు ఆనిస్తే ఫోకసు చక్రం తిరిగింది.

ఫ్లోరెన్స్ ఫోను చేసేసరికి ఆయన మంచి హుషారు మీద ఉన్నాడు. సరుకు రెండో రకమే గానీ పనికిమాలింది కాదనీ, తప్పంతా దానిదేననీ చెప్పాడు. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అన్నాడు.

“పెద్దమ్మ కళ్ళకి ఏటీ లేదని సెప్పు. బెంగెట్టుకోవద్దను.”

క్రిస్మస్ పనులు, కాఫీ పళ్ళ కోతలు అయ్యాక, జనవరి రెండో వారంలో ఒక సాయంత్రం బైనాక్యులర్ తీసుకుని వెళ్ళాడు. టీచరమ్మ శాలువా కప్పుకుని వాకిట్లోనే కూర్చుని ఉంది. ఫ్లోరెన్స్ ఆ మాట చెప్పిననాటి నుంచీ ఆమె ముఖం తేటపడిందని చూడగానే తెలిసింది. టీ ఇచ్చింది. చీకటి పడుతుండగా సిల్వర్ ఓక్ చెట్ల మీదుగా గురుడు పైకొచ్చాడు, చుట్టూ ఏ చుక్కా లేనంత వెలుగుగా. ఆమె మోచేతులు గోడ మీద ఆనించి చూసింది.

“ఒక్కటే” అంది. గొంతులో నవ్వుంది. “ఒక్కటే కనిపిత్తంది దైవాధీనం.”

పక్కన ఇసుక రేణువుల్లా చిన్న చుక్కలున్నాయేమో చూడమన్నాడు ఆయన. అవి గురుడి చందమామలని ఆయన చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళు బోర్డు మీద ఆవిడే గీసింది. మూడున్నాయని చెప్పింది. ఆమె చెబుతున్నప్పుడు దైవాధీనం ఆకాశం వంక చూడటం లేదు, ఆమె ముఖం చూస్తున్నాడు. కుడి కన్ను గట్టిగా మూసుకుని ఉంది. కావాలని మూసుకున్నట్టు కూడా లేదు, చిన్నవి చూడాలంటే అలా మూసుకోవడం ఎన్నాళ్ళుగానో అలవాటైపోయినట్టుంది.

ఆయన టీ గ్లాసు గోడ మీద పెట్టేశాడు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చూడమన్నాడు. ఆమె చూసింది. చాలాసేపు చూసింది. చుక్క చుక్కలా లేదనీ, మంచులో జీపు లైటులా చెదిరిపోయి ఉందనీ చెప్పింది. వెంటనే, “ఈ కుడి గొట్టం సరిగా లేదేమో” అంది.

అవునంటే సరిపోయేది. గొట్టం బాగాలేదు, ఇంకోసారి విప్పి చూస్తానని బైనాక్యులర్ సంచిలో పెట్టుకుని వచ్చేస్తే ఆ సాయంత్రం సుఖంగా గడిచిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నూరు చోట్ల వెతకకుండా ఏ రక్తపూతకూ ‘లేదు’ అని రాయని మనిషి తను. అలాంటిది, చూడని కంటికి ఏమీ లేదని కబురు పంపాడు.

బైనాక్యులర్ తీసుకుని అడుగు భాగం పైకొచ్చేలా తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. “ఇప్పుడు కుడి గొట్టం ఎడం కంటికొచ్చింది టీచరమ్మా. మళ్ళీ సూడండి. ముందు ఎడం కన్ను, తర్వాత కుడి.”

ఎడమ కంటికి గురుడు స్పష్టంగానే ఉన్నాడు. కుడి కంటికి అదే మంచు, అదే లైటు. ఆమె బైనాక్యులర్ దించి ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలకు ఇలాంటి పరీక్షలు చెప్పిన మనిషికి దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. ఇంట్లో ఫ్లోరెన్స్ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

“అయితే గొట్టం కాదు” అంది చివరికి. “మరి నా కళ్ళకి ఏటీ లేదని ఎలా సెప్పేవు? సూడకుండానే సెప్పేవా?”

“సూడకుండానే సెప్పేను. తప్పయిపోయింది.”

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. వాళ్ళమ్మ సంగతి ఎత్తి, ఆమెకు కూడా ముందు ఒక కన్నే మసకబారిందని మెల్లగా చెప్పింది. అమ్మను ఏ డాక్టరుకూ చూపించలేదట. వయసు మీద పడిందిలే అనుకున్నారట.

“అమ్మగారిది ఏటి జబ్బో ఎవరికీ తెలీదు, ఎవరూ సూడలేదు కాబట్టి” అన్నాడు దైవాధీనం. “నేను కళ్ళ డాక్టర్ని కాను. కుడి కంట్లో వెలుక్కి ఏదో అడ్డముందని మాత్రమే సెప్పగలను. అదేటో సెప్పేవోళ్ళు నర్సీపట్నంలో ఉన్నారు. ఆలీసెం సేయకండి.”

కాఫీ గింజలు ఎండాక చూద్దామంది ఆమె. అవి ఎండితే మిరియాల కోత ఉందంది. దైవాధీనం ఎదురు చెప్పకుండా రెండు వారాలు ఆగాడు. ఆ రెండు వారాలూ ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు. తర్వాత ఒక సోమవారం పొద్దున్నే డ్రైవరు సోంబరు జీపులో మూడు సీట్లు మాట్లాడి, దాన్ని తీసుకెళ్ళి టీచరమ్మ ఇంటి ముందే ఆపించాడు. ఫ్లోరెన్స్ సెలవు పెట్టి తయారుగా ఉంది. ముందే అనుకున్నారని టీచరమ్మకు అర్థమైంది. ఇద్దరి వంకా చూసి, లోపలికెళ్ళి చెప్పులు వేసుకొచ్చింది. ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ జపమాల చేతిలోనే ఉంది.

అక్కడ డాక్టరు కంట్లో మందు వేసి, ఒకటికి రెండు సార్లు చూశాడు. కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. వెనకనున్న నరాలు బాగానే ఉన్నాయి. తీసేస్తే చూపు వస్తుందన్నాడు. టీచరమ్మ తన తల్లి గురించి అడిగింది. ఆమెదీ శుక్లమే కావచ్చు, ఇంకోటీ కావచ్చు, చూడని కంటి గురించి చెప్పలేనన్నాడు డాక్టరు. పక్కన నిలబడ్డ దైవాధీనం నేల చూపులు చూశాడు.

ఆపరేషన్ మూడో రోజున జరిగింది. కంటికి నల్లద్దాలు, వంట దగ్గరికి వెళ్ళకూడదు, వంగకూడదు. నెల్లాళ్ళు ఆమె ఫ్లోరెన్స్ మాట విని కూర్చుంది. ఫ్లోరెన్స్ చెప్పినదాన్ని బట్టి, అందులో ఎక్కువ భాగం విసుక్కుంటూనే కూర్చుంది.

మార్చి మొదట్లో దైవాధీనానికి కబురొచ్చింది. వెళ్ళేసరికి టీచరమ్మ ఒళ్ళో అట్ట పెట్టుకుని ఆల్విన్‌కి ఉత్తరం రాస్తోంది. రాసింది ఫ్లోరెన్స్ ఫొటో తీసి ఫోన్లో పంపుతుందట. సంగతేమిటంటే, ఆల్విన్ వాళ్ళు హాస్టలు ఆడపిల్లల కోసం అదే రకం బైనాక్యులర్లు ఇంకో అయిదు తెప్పిద్దామనుకుంటున్నారు. నువ్వు చూసినవన్నీ చెప్పు, ఒక్కటీ దాచకు అంది.

దైవాధీనం కొంచెం తటపటాయించాడు. ఆల్విన్ ప్రేమతో ఇచ్చిందాన్ని పట్టుకుని ఇది నలభైయే, ఇది చవక గాజే అంటే నొచ్చుకోడా అన్నాడు.

“నొచ్చుకోనీ. తప్పులు దిద్దించుకోడం వాడికి కొత్తేటి? నా దగ్గర సదివినోడే.”

అప్పుడు చెప్పాడు. పెట్టె మీది అంకె నమ్మవద్దనీ, వెలుగు బొట్టు కొలిచి చూసుకోమనీ, బొట్టు గుండ్రంగా లేకపోతే వద్దనుకోమనీ. ఎర్ర పూత చూసి మోసపోవద్దనీ. రెండు కళ్ళతో దూరపు స్తంభాన్ని చూస్తే ఒక్కటిగానే కనిపించాలనీ. అయిదు చవకవి కొనే బదులు రెండు మంచివి కొంటే మేలనీ, రెండూ ముందు తన దగ్గరికే పంపమనీ. టీచరమ్మ అన్నీ వరసగా రాసింది. చివర్లో, తనకిచ్చింది మాత్రం ఎవరికీ ఇవ్వననీ, దానివల్లే తన కన్ను నిలబడిందనీ రాసి, కింద గీత గీసి సంతకం చేసింది.

అప్పటికి బాగా చీకటి పడింది. ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. మూడు చుక్కల గొల్లకావడి పడమటి వైపు వాలుతూ, ఇంకా ఎత్తులోనే ఉంది. ఆమె బైనాక్యులర్ ఎత్తి రెండు కళ్ళూ తెరిచి చూసింది. ఆ మూడు చుక్కల కింద మసగ్గా తెల్లటి మరక ఒకటుంటుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పడమే గానీ, ఏనాడూ చూడలేదంది. ఎంతసేపటికీ దించలేదు. లోపలి నుంచి ఫ్లోరెన్స్ అన్నం చల్లారిపోతోందని పిలిచింది, మళ్ళీ పిలిచింది. అప్పుడు బైనాక్యులర్ ఆయన చేతికిచ్చి, పొగలాగ ఉంది సూడు అంది.

దైవాధీనం చూశాడు. పొగ కాదు, నల్లగుడ్డ మీద పాలు ఒలికినట్టుందన్నాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. అన్నాలు తింటున్నంతసేపూ ఆ వాదన నడిచింది.