రమీజా కట్టిన ఎర్ర రిబ్బన్

ఊర్లో మా చెయ్యేటికి వరదొచ్చి కట్ట తెగిపోయిన మూడో యేడు ఇది జరిగింది. చలికాలం. దోహాలో మనిషి బయట నిలబడగలిగే రోజులు.

నేను యూనిఫాం నర్సుల వ్యాన్ నడుపుతా. పోలీసోళ్ళకు మాదిరే వాళ్ళకూ భుజాల మీద గుర్తులుంటాయి, పైవాళ్ళు కనబడితే సెల్యూట్ కొడతారు. వాళ్ళలో రమీజా మా అక్క కూతురు. వచ్చినప్పటినుంచీ క్లినిక్‌లోనే ఉంది, బీపీలు చూసుకుంటా, కట్లు కట్టుకుంటా. దాని ప్రాణమంతా అంబులెన్సుల మీదే.

నర్సుల పనిలో ఏం మారినా ఫోన్‌లోకి వస్తుంది. పొద్దున ఫరీజ్ బిన్ మహమూద్‌లో, వాళ్ళుండే కాడ, బండెక్కంగానే చదువుకుంటారు. ఫలానా మందు ఇచ్చే పద్ధతి మారింది, ఫలానా క్లాసుకు పోతేనే లైసెన్సు నిలుస్తుంది, ఇట్లాంటివి. నేను బండి తోలుకుంటా వింటా ఉంటా. ఆ పొద్దు రమీజా సీటులో కుదురుగా కూర్చోలేదు.

"మామా, ఇన్యావా? పెద్ద యాక్సిడెంట్ అయితే ఎవర్ని ముందు ఎత్తుకపోవాల్నో డాక్టరొచ్చి చెప్పే పన్లేదంట ఇంక. నర్సే చూసి చేతికి రిబ్బన్ కట్టొచ్చంట. ఎర్రదైతే మొదట, పసుపుదైతే తర్వాత, పచ్చదైతే నడిచొచ్చేవాళ్ళు. గురువారం పరీక్ష. పాసైతే అంబులెన్స్ డ్యూటీ. తప్పితే మళ్ళా ఏడాది క్లినిక్కే."

నేను పలకలేదు.

"మా మామ సరే అన్నాడు," అని పక్కవాళ్ళకు చెప్పి నవ్వింది. మా ఇంట్లో అంతే. నేను పలక్కపోతే సరే అని లెక్క. కాదనాలంటేనే నోరు తెరుస్తా.

గురువారం అల్ రయ్యాన్ దాటినాక ఒక బయలుకు వాళ్ళను తీసుకపోయినా. అక్కడ పాత బస్సునొకదాన్ని పక్కకు పడగొట్టి పెట్టి, కొంచెం దూరంలో గుడారం వేసినారు. దెబ్బలు తగిలినట్టు పడుండేదానికి మనుషులు చాల్లేదని, పరీక్ష పెట్టే ఆఫీసరు అద్నాన్ నన్నూ పిలిచినాడు, క్లినిక్‌లో ఊడ్చే హనుమక్కనూ పిలిచినాడు. నేను దాని మామనని ఆయనకు తెలీదు.

హనుమక్క చేతికి ఎర్ర రంగు పూసి, గీసుకపోయిందంతే, కానీ బాగా అరవాల అన్నాడు. నాకు హిందీలో చెప్పినాడు, "నీకు పైన రక్తం లేదు. తల లోపల దెబ్బ. కళ్ళు తెరుచుకోనే ఉండు. ఏమడిగినా పలకొద్దు. ఏం చెయ్యమన్నా చెయ్యొద్దు."

"ఈయప్పకు అది నేర్పల్నా సార్," అనింది హనుమక్క తెలుగులోనే. "జీతమిచ్చి చూడండి, ఏడాదంతా చేస్తాడు."

మొదటి వంతు రమీజాదే. యల్లా, కానీండి, అని విజిల్ ఊదినారు. బస్సు వెనక పొగ వదిలినారు. హనుమక్క ఏడుపు ఎత్తుకుంది, "నా చెయ్యి పాయ, నా బిడ్డలకు ఇంగెవరు దిక్కు" అని. రమీజా ఆమెను చూసి, వేళ్ళు కదిలించమని, పచ్చ రిబ్బన్ కట్టి ముందుకొచ్చింది. ఇంకొకనికి ఊపిరి లెక్కబెట్టి ఎర్రది కట్టింది. చేతులు ఎంత చురుగ్గా ఆడినాయో.

నా కాడికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఒళ్ళంతా తడిమింది. రక్తం లేదు. బస్సుకు ఆనుకొని కళ్ళు తెరుచుకోనున్నా.

"నొప్పి లేదు కదా మామా? నడుస్తావు కదా?"

నేను పలకలేదు.

"సరే," అని పచ్చ రిబ్బన్ కట్టేసి పోయింది.

ఇంట్లో లెక్క ఇక్కడ వేసేసింది పిల్ల. ఒక్క మాటంటే చాలు, మళ్ళా చూస్తుంది. కానీ అద్నాన్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను పలికితే నా దెబ్బే అబద్ధమైతుంది, దాని పరీక్షా పోతుంది.

"పచ్చ రిబ్బన్ వాళ్ళంతా లేచి గుడారం కాడికి రండి," అని రమీజా కేక వేసింది. హనుమక్క ఏడుపు ఆపకుండానే నడిచిపోయింది. ఇంకో ఇద్దరు పోయినారు. నేను లేయలేదు.

పోయినవాళ్ళను చూసుకుంటా రమీజా ఆగిపోయింది. నేను మాట్లాడకపోవడం దానికి తెలిసిందే. రమ్మంటే రాకపోవడం చిన్నప్పటినుంచీ ఎరగదు. పిలుపు సగంలో ఉండంగానే లేచేవాణ్ణి నేను.

ఇసుక ఎగిరేటట్టు పరిగెత్తుకొచ్చింది. నా అరచేతిలో రెండు వేళ్ళు పెట్టింది.

"మామా, గట్టిగా పట్టుకో."

నా వేళ్ళు పట్టుకోనే నడక నేర్చింది అది. నా చెయ్యి దానంతట అదే మూసుకోబోయింది. మూయనీలేదు.

"పట్టుకో అంటాండా."

ఊరికే ఉన్నా. అది పచ్చ రిబ్బన్ తెంపి పారేసి, ఎర్రది కట్టి, స్ట్రెచర్ అని అరిచిన అరుపుకు హనుమక్క ఏడుపు కూడా ఆగింది.

నన్ను మోసుకపోయేటప్పుడు పైనంతా ఆకాశమే కనిపిస్తాంది. నవ్వొస్తాంది, నవ్వకూడదు.

విజిల్ అయినాక అద్నాన్ అడిగినాడు, "మొదట పచ్చ ఎందుకు కట్టినావు?"

రమీజా నిటారుగా నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఈయన మా మామ సార్. పలక్కపోతే సరే అని మా ఇంట్లో. ఆ అలవాటుతో కట్టినా. తప్పే."

అద్నాన్ నన్ను చూసినాడు, దాన్ని చూసినాడు. "యూనిఫాంలో ఉన్నప్పుడు మామ లేడు. ఈ తప్పుకు మార్కులు పోతాయి," అన్నాడు. రమీజా తల దించలేదు. ఆయనే మళ్ళా, "రిబ్బన్ కట్టినోళ్ళను మళ్ళా పోయి చూడాలని కూడా కొత్త రూల్లో ఉంది. చానామంది అది చదవరు. నువ్వు ఎవరూ చెప్పకుండానే వెనక్కొచ్చినావు. పాస్," అన్నాడు.

అది సెల్యూట్ కొట్టింది.

వ్యాన్‌లో నర్సులంతా ఒకటే గోల. హనుమక్క వెనక సీటునుంచి, "ఏం ఖాసీమన్నా, ఇప్పుడన్నా మాట్లాడు, దెబ్బ నయమైంది," అనింది.

"బాగా చూసినావు పాపా," అన్నా.

రమీజా కిటికీ పక్కకు తిరిగి చున్నీతో కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికి దాని ఫోన్‌లోకి కొత్త డ్యూటీ వచ్చింది.

మరునాడు పొద్దున అందర్నీ క్లినిక్ గేటు కాడ దించినా. రమీజా కూడా లేవబోయింది. కూర్చోమని చెయ్యి చూపించి, అంబులెన్సులు నిలిపే వెనక గేటుకు బండి తిప్పినా.