తొమ్మిదేళ్ళ పిల్ల

గేమింగ్ కన్సోల్ కొన్నది నవంబరు పద్దెనిమిదిన. ఆ మధ్యాహ్నం షాపు బయట నిలబడి బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తిన్నాం. నా గుడ్డు పెంకు కూడా మా ఆయనే వలిచి ఇచ్చారు. అదీ చెప్పాలి.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. కుళాయి రాని ప్రతివాడూ నన్నే తిడతాడు. "సారీ సర్" అంటాను. ఇంటికొస్తే వంట, అత్తయ్య మాత్రలు, ఆయన చొక్కా బొత్తాం. తోటి ఉద్యోగిని ఇంట్లో ఒకసారి టీవీకి కన్సోల్ తగిలించి పడవ నడిపే ఆట ఆడాను. సముద్రం, గాలి, నేను. ఆ గంటసేపూ నన్నెవరూ పిలవలేదు. అప్పుడే నాకూ ఒకటి కొనాలని పట్టుబట్టాను. ఆ ఆట ఏ మోడల్లో ఉందో, ఏది వెనక గదిలోని పాత టీవీకి సరిపోతుందో నెలల తరబడి చదివాను. షాపులో నేనడిగిన ప్రతి ప్రశ్నకీ సేల్స్‌మన్ ఆయన మొహం చూసి జవాబు చెప్పాడు. చివరికి, "బాబుకి ఎన్నేళ్ళు మేడం?" అన్నాడు. మాకు పిల్లల్లేరు. "బాబుకి కాదయ్యా, ఈవిడకే!" అని ఆయన నవ్వారు. వాడూ నవ్వాడు. కొన్నది నా జీతంతో.

"నీకివన్నీ తెలీవులే, నేను పెడతా," అని ఆయనే వైర్లు కలిపి, అందులో అందరి పేర్లతో ఖాతాలు తెరిచారు. నేను వంటింట్లో ఉన్నాను.

ఆట మధ్యలో ఆగిపోతుంటే మొదట్లో కరెంటు తేడా అనుకున్నాను. ఒక సాయంత్రం తెర మీది అక్షరాలు పూర్తిగా చదివాను. 'ఈ రోజుకి నీ ఆట సమయం అయిపోయింది. ఇంకా ఆడాలంటే పెద్దవాళ్ళని అడుగు.' సెట్టింగుల్లోకి వెళ్ళాను. కుటుంబ పెద్ద: ఆయన. ఇతర పెద్దలు: ఆదివారాలు వచ్చిపోయే మా మరిది. పిల్లలు: నేను. పిల్లలకైతేనే సమయం కట్టడి పెట్టనిస్తుందట ఆ యంత్రం. అందుకని నాకు తొమ్మిదేళ్ళు చేశారు. తేదీ, నెల సరిగ్గానే ఉన్నాయి, సంవత్సరమే మార్చారు. పెళ్ళయ్యాక ఆయన నా పుట్టినరోజు తనంతట తాను గుర్తుపెట్టుకున్నది అదొక్కసారే.

భోజనాల దగ్గర అడిగాను.

"రోజుకి అరగంట చాలదూ? అందులో పడితే ఇల్లెవరు చూస్తారు?" అన్నారు అన్నం కలుపుకుంటూ. మళ్ళీ ఆయనే, "తొమ్మిదేళ్ళ పిల్లని చేశా, సంతోషించవే! ఊళ్ళో ఆడవాళ్ళంతా వయసు తగ్గించుకోడానికి నానా తంటాలూ పడుతుంటే!"

"మరి మీ తమ్ముడు?"

"వాడికి బాధ్యత తెలుసు."

ఉద్యోగం సద్యోగం లేనివాడికి!

"నీ మంచికే పెట్టాడమ్మాయ్," అన్నారు అత్తయ్య.

మంచికే. ఈ ఇంట్లో నా వయసు పనిని బట్టి మారుతుంది. గ్యాసు అయిపోతే నేను పెద్దదాన్ని. అత్తయ్యకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకోడానికి పెద్దదాన్ని. ఆయన బ్యాంకు అప్పుకి హామీ సంతకం కావాలంటే మరీ పెద్దదాన్ని, పెన్ను మూత తీసి చేతికిస్తారు. అరగంట దాటి కూర్చోవాలంటే మాత్రం తొమ్మిదేళ్ళు. ఫోన్లో తిట్టేవాళ్ళయినా నయం, నన్ను "మేడం" అని తిడతారు.

చేయి కడుక్కుని లేచాను.

"కంచాలు తియ్యవేం?" అన్నారాయన.

"తొమ్మిదేళ్ళ పిల్లనండీ. పెద్దవాళ్ళు తీస్తారు."

వెనక గదిలోకి వెళ్ళి కన్సోల్లో ఉన్న ఖాతాలన్నీ చెరిపేసి మొదట్నుంచి మొదలుపెట్టాను. "మా తమ్ముడి ఆటంతా పోతుందే!" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. నాదీ పోయింది, నా పడవ మళ్ళీ ఒడ్డుకే వచ్చేసింది. పోనీ. నేను పుట్టిన సంవత్సరం వేశాను. ఇంకెవరినైనా చేర్చాలా అని అడిగితే వద్దన్నాను. పడవ కదిలింది.

గుమ్మంలో అత్తయ్య. మాట పడడానికి సిద్ధమయ్యాను. ఆవిడ కాసేపు తెర మీది నీళ్ళనే చూశారు. తర్వాత వెనక్కి తిరిగి కొడుకుతో, "అరిచింది చాలు, ఆ కంచాలు తియ్యరా. ఇంటికి పెద్ద నువ్వేగా?" అని, నా గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.