ఊ కొట్టేవాడు

మైసన్న తన అన్నతో మాట్లాడక పదకొండేండ్లయింది. నిజాంసాగర్ కట్టకు ఇంకా రాళ్లు మోస్తున్న రోజుల్లో మొదలైన పంతం అది. కట్ట పూర్తయింది, కాలువ కింద బాన్సువాడ దిక్కు వరి పచ్చబడింది, ఇప్పుడు దొరల దేశాల్లో ఏదో యుద్ధం కూడా నడుస్తున్నదట. పంతం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఒకప్పుడు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో ఆ అన్నదమ్ములు లేకుండా ఎల్లమ్మ కొలుపు జరిగేది కాదు. సాయన్న ముందు నిలబడి కథ చెప్పేవాడు. మైసన్న పక్కన కూర్చుని జమిడిక తీగ మీటుతూ ఊ కొట్టేవాడు. ఊ కొట్టడమంటే తలకాయ ఊపినంత సులువు అనుకుంటారు జనం. చెప్పేవాడికి ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలిసి, సరిగ్గా అక్కడ ఊ వేయాలి. వాడు పరుగెత్తుతుంటే పొట్టి ఊ. మాట మరిచిపోయాడా, పొడుగు ఊ. ఆ పొడుగు ఊ సందులో చెప్పేవాడు మాట వెతుక్కుంటాడు. మరిచిపోయాడన్న సంగతి ఎదురుగా కూర్చున్న వెయ్యిమందిలో ఒక్కరికీ తెలియదు. పేరు మాత్రం చెప్పేవాడికే వస్తుంది. లోకం అంతే.

ఒక ఏడాది, మూడు రోజుల కథలో రెండో రోజు సాయన్న రాలేదు. ఎల్లారెడ్డిలో మిషను వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడని తెలిసింది. తమ్ముడికి ఒక్క మాట చెప్పలేదు. ఊరంతా చాపలేసుకుని కూర్చుంటే మైసన్న ఒక్కడే జమిడిక పట్టుకుని పొద్దెక్కేదాకా చూశాడు. ఎవడో నవ్వాడు, "ఊ కొట్టు మైసన్నా, మేమే చెప్పుకుంటం కథ" అని. మైసన్న జమిడికను తెచ్చి దూలానికి వేలాడదీశాడు. ఆ తర్వాత చెప్పులు కుట్టుకున్నాడు, మోట తోళ్లకు అతుకులు వేసుకున్నాడు. అన్న ఎదురైతే పక్క బాట పట్టాడు.

సాయన్న ఆ వాడలోనే ప్రార్థనలు చేయించే ఉపదేశి అయ్యాడు. మట్టిగోడల ప్రార్థన ఇల్లు లేచింది. మైసన్న భార్య ఈరవ్వ కూడా అందులో చేరింది. మైసన్న వద్దనలేదు, తాను పోలేదు.

అందరూ కథ విని పెరిగినవాళ్లే కదా. మొదట్లో సాయన్న ప్రార్థన చేస్తుంటే మాటమాటకూ "ఆమెన్" అనేవాళ్లు. "ప్రభువా, మా గొడ్లకు రోగం తగిలింది" అంటే ఆమెన్. "మా పాపాలు పెరిగినయి" అంటే ఇంకా గట్టిగా ఆమెన్. మిషను పెద్ద అయ్యగారు ఒకసారి గుర్రబ్బండిలో వచ్చి ఇది విని నుదురు కొట్టుకున్నాడు. ఆ మాటకు 'అట్లనే అగుగాక' అని అర్థమనీ, గొడ్లకు రోగం అట్లనే అగుగాక అంటారా అనీ కోప్పడ్డాడు. చివర్న ఒక్కసారే అనాలి, కాగితం మీద మొహరు వేసినట్టు.

ముసలి దుర్గవ్వ ఊరుకోలేదు. "నడుమ ఊ అనకపోతే చెప్పేటోడు గోడకు చెప్పినట్టు ఉంటది గద అయ్యగారూ. దేవునికాడ గింత పిసినారితనం ఎందుకు?"

అయ్యగారు నవ్వాడు గాని మాట మార్చలేదు. అప్పట్నుంచి ప్రార్థన ఇంట్లో చివరిదాకా నిశ్శబ్దమే.

ఈ వానాకాలం సాయన్న కామారెడ్డి స్టేషన్ దగ్గర పడిపోయాడు. కుడి పక్క చచ్చుబడింది. బండిలో వేసుకొచ్చారు. కర్ర పట్టుకుని లేచాడు గాని, నోరు పక్కకు పోయింది. నాలుగు మాటలు చెప్తే ఐదోది దొరకదు.

కోతల పండుగ రోజు పొద్దున ఈరవ్వ తలకు నూనె రాసుకుంటూ మొగుడికి వినబడేట్టు అన్నది. "ఇయ్యాల పెద్ద అయ్యగారు వస్తుండు. బావ ప్రార్థన సాంతం చెప్తె ఉంచుతరట. చెప్పకుంటే మెదక్ దిక్కు ముసలోళ్ల ఇంటికి తోలుతరట."

మైసన్న చెప్పు అడుగుకు దారం లాగుతూ "తోలనీ" అన్నాడు.

"పెండ్లాం లేదు, పిల్లలు లేరు. ఆడ ఎవరున్నరు? పోతే మల్ల రాడు."

"నన్ను అడిగి పోయిండా మొదటిసారి?"

ఈరవ్వ అతని చేతిలో చెప్పు చూసింది. ఒక్కటే చెప్పు. మడమ వెనక పట్టీ, దానికి గుండీ. కాలు ఈడ్చేవాడికి తప్ప అట్లాంటి చెప్పు ఎవరికీ అక్కర్లేదు.

"ఎవరిదది?"

"ఎవరిదో. నీకెందుకు?"

ప్రార్థన ఇంట్లో గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు వరుసగా పెట్టారు. మైసన్న లోపలికి పోలేదు. కిటికీ కింద, బయట, ఆ ఒంటి చెప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నీడ కోసం వచ్చానని తనకు తాను చెప్పుకున్నాడు. నీడ అటు లేదు.

సాయన్న మొదలుపెట్టాడు. "ప్రభువా, నువ్వు ఇచ్చిన పంట... నీ ముందర..."

ఆగింది.

కోడి రెక్కలు కొట్టుకుంది. అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. లోపల అందరూ కండ్లు మూసుకుని ఉన్నారు, ఎవరూ చప్పుడు చేయలేదు. చేయొద్దన్నారు కదా.

"నీ ముందర..." మళ్లీ అన్నాడు సాయన్న.

మైసన్నకు ఆ ఊపిరి తెలుసు. నోరు వంకరపోయినా, ముసలితనం వచ్చినా, అది తెగేది ఆ చోటే. అతని వేళ్లు తొడ మీద జమిడిక తీగ మీటినట్టు మీటుతున్నాయి. చెప్పు జారి కింద పడింది. తనకు తెలియకుండానే కిటికీ చువ్వలకు నోరు ఆనించాడు.

"ఆ... మె... న్."

పొడుగ్గా, తీరికగా, తొందరేమీ లేదన్నట్టు.

కండ్లన్నీ తెరుచుకున్నాయి. సాయన్న తల తిప్పలేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి, బరువు దించుకున్నవాడిలా. "నీ ముందర పెట్టినం" అన్నాడు. మాట దొరికింది.

"ఆమెన్" అన్నాడు మైసన్న పొట్టిగా.

"రాని వానను... అడగం. వచ్చిన గింజకు..."

"ఆ... మెన్."

"దండం పెడుతున్నం."

అయ్యగారు లేవబోయాడు. దుర్గవ్వ పక్కనుంచి ఆయన అంగీ కొస పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కండ్లు మళ్లీ మూసుకునే ఉన్నాయి. ప్రార్థన కుంటుకుంటూ, ఆగుతూ, గొడ్లనూ పిల్లలనూ బావులనూ తలుచుకుంటూ చివరిదాకా పోయింది. చివర్న అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడు మాత్రం మైసన్న అనలేదు. కింద పడిన చెప్పు కోసం వంగాడు.

అయ్యగారు బయటికి వచ్చి మైసన్నను చూశాడు. "నీకు బాప్తిస్మం అయిందా?"

"లేదయ్యగారూ."

"మరి ఆ మాటకు అర్థం తెలుసా?"

"తెల్వది. మా అన్నకు దమ్ము ఏడ ఆగుతదో తెల్సు."

అయ్యగారు కిటికీలోంచి లోపలున్న సాయన్న వైపు చూశాడు. "ఆదివారం ఆదివారం వస్తావా?"

"ఆయనుంటే వస్త."

"ఉంటాడులే" అని బండి వైపు నడిచాడు అయ్యగారు.

జనం పోయాక సాయన్న కర్ర ఆనించుకుని గడప దగ్గర నిలబడ్డాడు. మైసన్న అతన్ని గడప మీద కూర్చోబెట్టి, చచ్చుబడిన కాలు ఒళ్లోకి తీసుకుని, చెప్పు తొడిగి గుండీ పెట్టాడు. పాదం చల్లగా ఉంది. కొంచెం సేపు అట్లే పట్టుకున్నాడు.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. చింతతోపు దాటారు. అప్పుడు సాయన్న మాటలు ఏరుకుంటూ మొదలుపెట్టాడు.

"ఆ దినం... నేను నీకు చెప్పకుంట..."

ఆగాడు. కోపమంతా పదకొండేండ్లుగా ఈ మాట కోసమే కాచుకుని ఉంది. మైసన్న అన్న చంక కింద చేయి వేశాడు, నడక నెమ్మది చేశాడు.

"ఊ..." అన్నాడు, పొడుగ్గా.